రెండు మీటర్లు

మధ్యాహ్నం రెండింటికి చుట్టపుచూపుగా వచ్చి
రెండూ నలభైకి లేచి వెళ్లిపోయేది
మా వంటింట్లోంచి ఎండ,
చెప్పులైనా విప్పకుండా.
మిగతా పొద్దంతా థ్రెల్‌ఫాల్ గారి చెట్ల నీడ.
పదకొండు లేలాండీలు, ఒకదానికొకటి భుజం ఆనించి,
మా షెడ్డు మీదికి, బట్టల తీగ మీదికి
అడక్కుండానే ఒంగి.
ఆరేసిన ప్రతి దుప్పటి మీదా పావురం సంతకం.

ప్రెస్టన్‌లో మేం ఈ ఇల్లు కొన్న ఏడాది
అవి నా నడుము దాకా ఉండేవి.
"ఎంత పచ్చగా ఉందో" అన్నది నేనే.
ఆ మాట పట్టుకుని ఇప్పటికీ దెప్పుతాడు పురుషోత్తం.

మా తాత జానెడు గట్టు కోసం
పదమూడేళ్లు కోర్టు మెట్లెక్కాడు.
గట్టు నయం, కాలితో తొక్కి చూపించొచ్చు.
మా తగాదా గాలిలో.
కొమ్మ ఏ అంగుళం దగ్గర
ఆయనది కాకుండా పోతుంది?

మొదటి ఉత్తరం నేనే రాశాను,
మూడుసార్లు దిద్ది, నాలుగు చోట్ల దయచేసి అని.
జవాబు నీలం సిరాలో, ఒకటే వాక్యం:
మీ వైపు వచ్చింది మీరు కత్తిరించుకోవచ్చు.
నిజమేనంది కౌన్సిల్ ఫోనులో అమ్మాయి.
కత్తిరించిన కొమ్మలు మాత్రం ఆయన సొత్తేనట,
కావాలేమో అడగాలట.

అడిగాం.
శనివారం నిచ్చెనెక్కి కోసిన తొమ్మిది సంచులూ
ఆయన వాకిట్లో పెట్టాం.
ఆదివారం తెల్లారేసరికి తొమ్మిదీ మా వాకిట్లో.
సోమవారం ఆయన వాకిట్లో.
బుధవారానికి వానకు నాని, బరువెక్కి,
ఎవరికీ పుట్టని బిడ్డల్లా
పేవ్‌మెంట్ మీద కూర్చున్నాయి.
పోస్టు తెచ్చే కుర్రాడు వాటి చుట్టూ తిరిగి
రెండిళ్లకీ నడిచేవాడు.

ఆ తర్వాత పలకరింపులు పోయాయి.
చెత్తడబ్బాలు బయటపెట్టే రాత్రి ఎదురుపడితే
ఇద్దరం ఆకాశంలోకి చూసేవాళ్లం,
అక్కడేదో రాసి ఉన్నట్టు.
పురుషోత్తం కర్రకు టేపు కట్టి కొలిచాడు.
నాలుగు మీటర్ల పది.
రెండు దాటితే ఫిర్యాదు చెయ్యొచ్చు.
ఫిర్యాదుకు ఫీజుంది.
ఆ ఫీజు మా వేసవి సెలవులంత ఉంది.

జనవరి గాలివానకు ఒక చెట్టు విరిగి
మా షెడ్డునీ ఆయన గాజు పందిరినీ
ఏ పక్షపాతమూ లేకుండా పగలగొట్టింది.
పిట్టపోరూ పిట్టపోరూ పిల్లి తీర్చినట్టు
రంపంతో వచ్చిన మనిషి
ఇటు సగం, అటు సగం పుచ్చుకుని
మిగిలిన పదింటినీ ఒక్క పూటలో
నా ఛాతీ ఎత్తుకు దించేశాడు.

ఎండ వచ్చింది.
ఎండతోపాటు థ్రెల్‌ఫాల్ గారూ వచ్చారు.

ఆయన సింకూ మా సింకూ ఎదురెదురు.
పదహారేళ్లుగా ఎదురెదురు!
పొద్దున ఏడున్నరకి బియ్యం కడుగుతూ తలెత్తితే
బనియన్‌తో ఆయన,
కడిగిన కప్పునే మళ్లీ కడుగుతూ.
నేను చూశానని ఆయన చూశారు.
పురుషోత్తం నన్నన్నవి, నేను అతన్నన్నవి,
ఇన్నాళ్లూ ఆకుల్లో ఇంకిపోయిన మాటలన్నీ
ఇప్పుడు తిన్నగా వెళ్లి ఆయన కిటికీకి తగులుతున్నాయి.
మూడో రోజుకి గొంతులు తగ్గించాం.
ఐదో రోజుకి ఆయన తెర కట్టారు.
ఆరో రోజు మేమూ.
మధ్యాహ్నం రెండింటికి
లైటు వేసుకుని బెండకాయలు తరుగుతున్నాను.

ఏప్రిల్లో తలుపు తట్టింది ఆయనే.
చేతిలో టేపు.
"ఎంత వరకైతే మీకు ఫర్వాలేదు?"
ముగ్గురం దొడ్లోకి వెళ్లాం.
నేను కొలతబద్దలా నిలబడ్డాను.
నా తల మీద అరచెయ్యి ఉంచాడు పురుషోత్తం.
ఇంకాస్త, అన్నారాయన.
ఇంకాస్తా? అన్నాడితను.
నా జుట్టు పైన, గాలిలో, చాలాసేపు
రెండు చేతులు బేరమాడాయి.

షెడ్డు గోడ మీద సుద్దతో గీత గీశాం.
అది దాటిన రోజు కత్తెర ఎవరు పట్టాలన్నది
టీ చల్లారినా తేలలేదు.

రాత్రి వాన కురిసింది.